తల కోటకు, తోక పల్లెకు

రత్నమకర రాజ్యాన్ని ఏలే ఉత్తుంగభుజ మహారాజు ధర్మప్రభువు. ఆ మాట వందిమాగధులు రోజూ పొద్దున్నే గొంతు చించుకుని చెబుతారు కాబట్టి మనమూ ఒప్పేసుకుందాం, పోయేదేముంది! ఆయన రాజధాని కనకతోరణ నగరం. అక్కడ మేడలకు పగడపు స్తంభాలు, స్తంభాలకు ముత్యాల జాలర్లు, జాలర్ల చివర చిరుగాలికే సన్నగా మోగే వెండి మువ్వలు. కోట అగడ్తలో ఏడాది పొడుగునా బంగారు తామరలు పూస్తాయి. వాటిని తెల్లారకముందే తోటమాలి తెచ్చి నీళ్లలో గుచ్చి పోతాడని కొందరంటారు గానీ, అసూయపరులు ఏ రాజ్యంలో లేరు?

ఆ నగరానికి తూర్పున నీలాటేరు అనే ఉప్పుటేరు ఉంది. అది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఒడ్డునున్న ఊరు మొగపల్లె. అక్కడి బెస్తలు ముత్తాతల నాటినుంచి ఆ ఏటిని కట్టుబాటుతో కాచుకుంటున్నారు. ఏ ఇంటి వల ఏ రేవులో పడాలో గవ్వలు తీసి వంతులు వేసుకుంటారు. కత్తిపరిగ చేపలు కడుపునిండా గుడ్లతో, అంటే జనతో, సముద్రానికి పోయే రోజులు రాగానే మొగలో వేపమండల తోరణం పాతుతారు. తోరణం పడ్డాక నీళ్లలో ఎవరి వల తడిసినా కోసెయ్యడమే. చుట్టరికం లేదు, మొహమాటం లేదు.

నడుమ కొన్నాళ్లు కోట అధికారులు దిగి ఏటిని పాలించారు. వాళ్ల పాలనలో ఏట్లో నీళ్లు మాత్రం మిగిలాయి. సరే మీ ఏరు మీరే చూసుకోండి పొమ్మన్నాక చేప మళ్లీ పెరిగింది. పెరిగిందని వేగులవాడు చెప్పిన రోజునే మహారాజుకు ప్రజల మీద ప్రేమ పొంగింది. "ఇకమీదట నీలాటేటిని కోటా పల్లే కలిసి ఏలుగాక!" అని శాసనం చేశాడు.

కలిసి ఏలడం ఎంత ముచ్చటగా సాగిందని! ఉమ్మడి సభ కోటలో ఏడో అంతస్తు మీద. కోటవారికి దంతపు పీటలు, పల్లెవారికి నిలబడేందుకు చక్కని నేల. నీచువాసన తగలకుండా పల్లెవారు గంధపు నీళ్లతో మూడు స్నానాలు చేసి రావాలి. వాళ్లు తలలు తుడుచుకుని మెట్లెక్కేసరికి సభ ముగిసి తాంబూలాలు పంచుతుండేవారు.

ఆ ఉమ్మడి అధికారానికి గుర్తుగా జలదేవతను ఆరాధించి చేప ఆకారంలో ఒక ముద్ర పోయించారు. దాన్ని నడిమికి కోసి తల సగం కోటకు, తోక సగం పల్లెకు ఇచ్చారు. రెండూ కలిసి పడని ఆజ్ఞకు ఏటి నీరు లొంగదని దేవత వరం. న్యాయంగానే ఉంది కదా! ముద్రను పట్టుకునే పిడి మాత్రం ఎలాగో తలవైపు ఉండిపోయింది. ఎలాగని కంసాలిని అడిగితే, కొత్తగా వచ్చిన మాన్యంలో నాట్లు వేయించే పనిలో ఉన్నానని చెప్పి తప్పుకున్నాడు.

ఇక ఉమ్మడి సభకు పెద్దగా జలాధ్యక్షుడు కావాలి. కర్కటదంతుడనే మాయావిని నియమించారు. ఆయనకున్న అర్హత ఒక్కటే, మహారాజుకు యౌవన లేహ్యం చేసి పెడతానన్నాడు. దానికి ఏట్లో ఉన్న కత్తిపరిగ జన మొత్తం కావాలన్నాడు. రాక్షసి తలవెంట్రుకలతో తాను నేసిన మాయావలను మొగకు అడ్డం కడితే, సముద్రానికి పోయే ప్రతి చేపా చిక్కుతుందన్నాడు.

"మరి వచ్చే ఏడాది ఏటికి చేపపిల్ల ఎక్కణ్ణించి వస్తుంది స్వామీ?" అని మంత్రికుమారుడు వాచస్పతి నిండుసభలో అడిగాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "అప్పటికి మహారాజు పాలుతాగే పసివాడవుతారు కాబట్టి చేపలతో పని ఉండదంటారా?" అని కిసుక్కున నవ్వాడు కూడా. ఆ నవ్వు ముగిసేలోగా వాచస్పతి ఉన్నచోట తెల్లకొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది.

రాకుమారుడు మణికేతుడికి వాచస్పతి ప్రాణమిత్రుడు. సర్రున కత్తి దూశాడు.

"నన్ను చంపితే ఈ మంత్రం విప్పేవాడుండడు, యువరాజా," అన్నాడు కర్కటదంతుడు తాపీగా. "పల్లె దగ్గరున్న తోక ముద్ర నాకు తెచ్చివ్వు. రేపు పొద్దు గుంకేలోగా దానితో నా ఆజ్ఞమీద ముద్ర పడకపోతే నీ మిత్రుడికి మిగిలిన మాట కూడా పోతుంది. ఆపైన కొంగ కొంగే."

"నువ్వే పోయి తెచ్చుకోరాదా?"

"మొగపల్లె పొలిమేరలో గంగమ్మ రాయి ఉంది. దాటితే మంత్రాలన్నీ మరిచిపోతాను. వృద్ధాప్యంలో మళ్లీ గురుకులానికి పొమ్మంటావా?"

మహారాజు ఈ సంభాషణ జరుగుతున్నంతసేపూ కిటికీలోంచి మేఘాలు చూస్తూ కూర్చున్నాడు. ఉమ్మడి పాలనలో దొంగతనానికి యువరాజును పంపడం ధర్మమా అంటే, ధర్మప్రభువు కదా, ఆయనకే తెలియాలి.

మర్నాడు పొద్దెక్కేసరికి మణికేతుడు చిరిగిన గోచీ బిగించి, ఒంటికి బూడిద పూసుకుని, ఓడ పగిలి కొట్టుకొచ్చిన పరదేశి జాలరి వేషంలో మొగపల్లె చేరాడు. కొంగ వెనకే ఎగురుతూ వచ్చింది.

"బూడిద ఎందుకు పూసుకున్నావు? ఓడ పగిలిందా, పొయ్యి పగిలిందా?" అంది కొంగ.

"నోరు ముయ్యి. పల్లెలో మాట్లాడావంటే ఇద్దరం చస్తాం."

మొదటి గుడిసె కొర్లమ్మది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయినా ఆమె నావను వదల్లేదు. ఆ పల్లెలో తన నావ తానే నడిపే ఆడమనిషి ఆవిడొక్కతే. ఓడ పగిలిందని రాకుమారుడు కథ ఎత్తుకోగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కతలు తరవాత సెబుదువు గాని, ముందు కూకోని తిను బాబూ. ఆకలిమీద సెప్పే మాటలు అబద్దాలే గదా."

వేడి అన్నం పెట్టి, చట్టిలోంచి కత్తిపరిగ తలకాయ తీసి ముందుగా వడ్డించబోయింది. మణికేతుడి మొహం ముడుచుకుపోయింది. కళ్లున్న ముక్క తన వంక చూడటం అతను ఎన్నడూ ఎరగడు. "తల నాకొద్దమ్మా, ముక్కలు వెయ్యి," అన్నాడు. ఆమె ఒక్కసారి అతణ్ణి ఎగాదిగా చూసి, తలను మళ్లీ చట్టిలో వేసింది. ఈలోగా బయట ఎండబెట్టిన చేపల మీద పడి కొంగ ఒక దాన్ని గుటుక్కుమనిపించింది.

"ఓసి నీ జిమ్మడ! దొంగకొంగా!" అంటూ కొర్లమ్మ చీపురు విసిరింది. రాజ్యానికి కాబోయే మహామంత్రి ఆ దెబ్బ వీపున తిని, గట్టుమీద కళ్లు మూసుకుని కొంగజపం మొదలుపెట్టాడు.

ఆనాడే తోరణం పాతే రోజు. పల్లె అంతా ఇసుకలో గుండ్రంగా కూర్చుంది. నడుమ పెదకాపు లక్కయ్య, అంటే ఊరిపెద్ద, కుండ పెట్టుకుని ఉన్నాడు. ఇంటికొక గుర్తుగవ్వ కుండలో పడాలి. ఎవరి గవ్వ పైకి వస్తే, చేప గుడ్లు పెట్టి తిరిగొచ్చేదాకా వాళ్లే మొగకావలి. తోక ముద్ర లక్కయ్య మెడలో వేలాడుతోంది. జనం గవ్వల గొడవలో ఉండగా దాన్ని తెంపుకుని పారిపోవాలని రాకుమారుడి పథకం. పథకం దివ్యంగానే ఉంది గానీ, కొర్లమ్మ చెయ్యి పైకెత్తింది.

"పెదకాపూ, నా ఇంట ఒకడు తిన్నాడు. ఆడికీ గవ్వ ఎయ్యి."

అది ఆ పల్లె ఆచారం. వంతుల రోజున ఎవరి ఇంట అన్నం తిన్నవాడు ఆ ఇంటివాడే. దారినపోయేవాడైనా గవ్వ పడాల్సిందే. మణికేతుడు వద్దువద్దంటూనే ఉన్నాడు. పరదేశి ఎంత మర్యాదస్తుడో అని అందరూ మురిసిపోయారు. లక్కయ్య కుండను గిరగిర తిప్పి చెయ్యి పెట్టి తీశాడు. కొత్త గవ్వ!

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఏమిటో ఆ రోజు మొగపల్లె చేసి చూపించింది. లక్కయ్య తన మెడలోని తోక ముద్ర తీసి రాకుమారుడి మెడలో వేశాడు. చేతికి గంగమ్మ కత్తి ఇచ్చాడు. తుప్పుపట్టి వంకర తిరిగిన ఆ చాకును చూస్తే కోటలో వంకాయలు తరిగేవాడు కూడా నవ్వుతాడు.

"ఇను బాబూ," అన్నాడు లక్కయ్య. "తోరణం పాతీసినాక మొగలో తడిసిన వల ఎవుడిదయినా ఈ కత్తితో కోసీయాల. రాజుదయినా సరే, నీ బాబుదయినా సరే."

"రెండూ ఒకటేలే," అన్నాడు మణికేతుడు అలవాటుగా.

"ఏటన్నావు?"

"ఏం లేదు, సరే అన్నాను."

"ఇంకోటి. కావలోడు ముద్ర తప్పుగా ఏసినా, ఒగ్గీసి పారిపోయినా, ఆడికి కూడెట్టిన ఇంటి నావ ఒడ్డుకెక్కించి బోర్లించీస్తాం. ఆ నావ మరి నీల్లు సూడదు. నీ ఇల్లు కొర్లమ్మ ఇల్లు. గేపకముంచుకో."

జనం తోరణంతో మొగవైపు కదిలారు. మణికేతుడు రెండో వైపు కదిలాడు. లోలోపల కుమిలిపోవడం ఆ వంశంలో ఎవరికీ చేతకాదు. మిత్రుడు కొంగ, పొద్దు పడమటికి వాలింది, ముద్ర మెడలో ఉంది. పరుగెత్తాడు. గంగమ్మ రాయి కనబడింది. దాని ముందు నావ కర్రను నేలకు ఆనించి కొర్లమ్మ నిలబడి ఉంది.

"కావలోడివి, మొగ అటుంటే ఇటేటి పోతన్నావు?"

"దాహం వేసి..."

"సాల్లే! తలకాయ ఒద్దన్నప్పుడే తెలిసినాది నాకు. పల్లెలో పుట్టినోడెవుడూ తలకాయ ఒదిలెట్టడు. తలలు పారేసీది కోటోల్లే."

"తెలిసీ గవ్వ వేయించావా?" అన్నాడు మణికేతుడు నిర్ఘాంతపోయి.

"తిన్నోడు తిన్నోడే. ఆచారం మొకాలు సూసి మారదు." "ఎల్తే ఎల్లు బాబూ. నేనాపలేను. నా నావ బోర్లించీస్తారు. నాకున్నదది ఒక్కటే. ఆ మాట నీకు సెప్పాలని వొచ్చినాను."

చంద్రహాసాలు ఝళిపించినా వెనుదియ్యని రాకుమారుడు ఆ మాటకు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు: నవ్వు, కొంగ, లేహ్యం, మాయావల. కొర్లమ్మ నమ్మలేదు.

"ఈ దొంగకొంగ మనిసేటి?"

"అవునమ్మా," అంది కొంగ వినయంగా. "నీ ఎండుచేప చాలా బాగుంది. ఉప్పు ఒక్క పిసరు ఎక్కువైంది."

కొర్లమ్మ ఇసుకలో చతికిలబడింది. అయితే ఎంతోసేపు కాదు. లేచి చీర కుచ్చెళ్లు బిగించింది. "ఆ వల పడితే నా నావ నీల్లలో ఉన్నా ఒకటే, బోర్లించినా ఒకటే. నావెక్కండి. గంగమ్మ రాయి కాపు నేలకే, నీల్లకి లేదు. ఆ మంతరగాడు మొగలోకి వొచ్చీసుంటాడు."

వచ్చేశాడు. మొగకు అడ్డంగా జలాధ్యక్షుడి విహారనౌక వెలిగిపోతోంది. హంస మెడలాంటి ముంగొమ్ము, ముత్యాల గొడుగు, పట్టు తెరలు, నీటి అంచున పచ్చరాళ్ల వరస. దాన్ని లాగుతున్నవి మెడలో ఇత్తడి పట్టాలున్న రెండు మొసళ్లు. నావ దగ్గర పడగానే ఒక మొసలి పట్టా విదిలించుకుని బుసకొడుతూ దూకింది. అంచు కొరికిందంటే ముగ్గురూ నీళ్లపాలు. మణికేతుడు ధనుర్వేదంలో మకరసంహార ఘట్టం గుర్తు తెచ్చుకుంటుండగానే కొర్లమ్మ తెడ్డు తిరగేసి దాని ముక్కుమీద ఒక్కటిచ్చింది. అది కుయ్యోమంటూ అడుక్కు పోయింది. రెండోది తనకు సంబంధం లేనట్టు మొహం తిప్పుకుంది. ఎంతైనా ప్రభుత్వ మొసలి.

"భళా! కావలివాడే స్వయంగా తెచ్చాడు!" అని కర్కటదంతుడు గొడుగు కింద లేచాడు. ఎదుట పీటమీద ఆజ్ఞాపత్రం, దానిమీద కరుగుతున్న ఎర్ర లక్క, చేతిలో పిడితో సహా తల ముద్ర. "తోక ఇలా ఇవ్వు, యువరాజా."

"ముందు వాచస్పతిని మనిషిని చెయ్యి."

"ఉమ్మడి పాలనలో తొందర కూడదు. ముందు ముద్ర. తరువాత నీ విన్నపాన్ని సభ ముందు పెడతాము. సభ ఎప్పుడంటే..."

ఆ మాటల మధ్య మణికేతుడు నీళ్లవైపు చూశాడు. మొగ మధ్యలో వేపతోరణం అప్పుడే పాతినట్టు పచ్చగా ఊగుతోంది. దాని పక్కనే, ఆజ్ఞ మీద ముద్ర ఎలాగూ పడుతుందన్న ధీమాతో మాయావి ముందుగానే దింపిన వల తేలుతోంది. నీరు లొంగక మునగలేదు గానీ, తడవడం మాత్రం తడిసింది.

"జలాధ్యక్షా, ఆ వల ఎవరిది?"

"నాదే. ఏం?"

"ఏం లేదు, అడగడం మర్యాద," అంటూ రాకుమారుడు నీళ్లలోకి దూకి గంగమ్మ కత్తితో వలతాడు మీద వేటు వేశాడు. వజ్రాయుధానికి లొంగని రాక్షసి వెంట్రుకలు వంకాయల చాకుకు తెగాయి. వల ఆడగొంతుతో కెవ్వున అరిచింది. రెండో వేటుకు నిలువునా చీలింది. దాని కిందనుంచి కత్తిపరిగలు మెరుస్తూ గుంపులు గుంపులుగా సముద్రంలోకి జారిపోయాయి. ఒడ్డున పల్లె అంతా ఈలలు వేసింది.

కర్కటదంతుడు పళ్లు కొరికాడు. "వల పోతే మళ్లీ నేస్తాను. ముద్ర పడిందా, ఈ నీరే నాకు వల!" ఏదో గొణిగాడు. తెగిన వెంట్రుకలు పాముల్లా లేచి మణికేతుణ్ణి చుట్టి, నౌకమీదికి ఈడ్చి, మెడలోని తోక ముద్రను లాగి మాయావి చేతిలో పెట్టాయి. తలా తోకా టక్కున అతుక్కున్నాయి. పిడి పట్టుకుని ముద్రను లక్కమీదికి దించుతున్నాడు. పొద్దు నీళ్లను తాకింది.

"వాచస్పతీ!" అని అరిచాడు మణికేతుడు.

ఎందుకు అరిచాడో అతనికే తెలియదు. ముద్ర పడితే మాయావి మంత్రం విప్పినా విప్పవచ్చు. పడకపోతే ఎన్నటికీ విప్పడు. అది కొంగకూ తెలుసు. అయినా అది రివ్వున దిగింది. వంకర తిరక్కుండా, సూటిగా, కోటవారు ఎంతో తెలివిగా తమవైపు ఉంచుకున్న ఆ పిడినే ముక్కున కరిచి గుంజింది. అతుకు ఊడింది. తోక నౌక మీద పడింది. పిడి ముందు, తల వెనక, ముద్ర కొంగ గొంతులోకి గుటుక్కున దిగిపోయింది. పిడే లేకపోతే ముక్కుకు ఏం దొరికేది? ఉమ్మడి పాలనలో కంసాలి చేసిన మేలు అదొక్కటి.

వెంట్రుకలు సడలాయి. మణికేతుడు తోకను అందుకుని నావలోకి దూకాడు. కొర్లమ్మ నావను మొగ దాటించి సముద్రంలోకి తిప్పింది. కొంగ వచ్చి తెరచాప కొయ్యమీద వాలింది.

"ఎంత పని చేశావురా!" అన్నాడు మణికేతుడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు," అంది కొంగ. "మనిషిగా ఉన్నన్నాళ్లూ, ఆ ఒక్క నవ్వు తప్ప, మీ నాన్న ఏ ఆజ్ఞ రాసినా చదవకుండా తల ఊపాను. చేతల్లో కాదనడం కొంగనయ్యాకే వచ్చింది. ఇంకొక్క మాట, ఈ ముద్ర కడుపులో..."

పొద్దు మునిగింది. కొంగ నోరు తెరిచే ఉంది. అందులోంచి "క్రాక్" అన్న కూత వచ్చింది. అది తనకే వింతగా తోచి మెడ వంచి విన్నది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ క్రాక్. మణికేతుడు మిగతా మాట కోసం చూస్తూనే ఉన్నాడు.

వెనక నౌకమీద కర్కటదంతుడు అంగీ చేతులు విదిలించాడు. ఒక్కో చేతినుంచి నల్లని డేగలు గుంపుగా లేచాయి. రాజ్యాధికారంలో సగం ఇప్పుడు కొంగ కడుపులో ఉంది, దాన్ని చీల్చి తెమ్మని వాటికి ఆజ్ఞ.

కొర్లమ్మ చుక్కాని మోకాలితో అదిమి పట్టి, కావలివాడి రాత్రి కూటికని నావ అడుగున మూతపెట్టి ఉంచిన చట్టి తెరిచింది. పొద్దున ఎవరూ తినని కత్తిపరిగ తల అందులోనే ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని కొయ్యవైపు చాచింది.

"ఇది మాలో పెద్దోల్లకెట్టే ముక్క," అంది. "కిందికి దిగు నాయినా. ఈ ఇంట ఇయ్యాలనించి నీకూ గవ్వుంది."

కొంగ దిగివచ్చి ఆమె చేతిలోంచే అందుకుంది. డేగల రెక్కల చప్పుడు నెత్తిమీదికి వచ్చేసింది. మణికేతుడు కళ్లు తుడుచుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరూ చెప్పకముందే తెరచాప తాడు పట్టుకుని లాగాడు.